మారుమూల ఎవరికి? – గల్సాన్ చినాగ్ ‘నీలాకాశం’ నవలలో నివాసం, సంచారం

భూమిక

యాత్రా సాహిత్యానికి ఒక స్థిరమైన రూపం ఉంది. యాత్రికుడు తన ఊరి నుంచి బయలుదేరతాడు, తెలియని ప్రాంతాలను చూస్తాడు, తిరిగి వచ్చి చెబుతాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరాల్లో చేసిన ప్రయాణాన్ని నమోదు చేసిన ‘కాశీయాత్ర చరిత్ర’ కూడా ఈ రూపంలోనే నడుస్తుంది. చెన్నపట్టణం దానికి మొదలు, చెన్నపట్టణమే తుది. మధ్యలో ఉన్నవి మజిలీలు. ఈ రూపంలో దూరాన్ని కొలిచే బిందువు ఎప్పుడూ యాత్రికుని ఊరే. అతనికి దూరమైనది దూరం, అతనికి కొత్తది వింత. అతడు మజిలీ చేసిన చోట నివసించే మనిషికి ఆ చోటు దూరమూ కాదు, వింతా కాదు. ఆ మనిషి వైపు నుంచి దూరాన్ని కొలవడానికి యాత్రా గ్రంథంలో సాధారణంగా వీలుండదు.

సంచారమే నివాసంగా ఉన్న జనసమూహాల విషయంలో ఈ సమస్య మరింత జటిలమవుతుంది. ఏడాదికి అనేకసార్లు ఇల్లు విప్పి, పశువులపై వేసుకొని, మరోచోట నిలిపే మనిషి చేసేది ప్రయాణమా, నివాసమా? యాత్రా సాహిత్య పరిభాషతో ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేం. మంగోలియా పశ్చిమాంచలంలోని పర్వత ప్రాంతమైన బయన్-ఓల్గీ నుంచి వచ్చిన రచయిత గల్సాన్ చినాగ్ ‘నీలాకాశం’ నవల ఈ ప్రశ్నను లోపలి నుంచి చూడటానికి వీలు కల్పిస్తుంది. జర్మన్ భాషలో 1994లో వెలువడిన ఈ నవలను కథరీనా రౌట్ ఆంగ్లంలోకి అనువదించారు. ఆ అనువాదం 2006లో వచ్చింది. ఆ తర్వాతి రెండు భాగాలు ‘బూడిదరంగు నేల’, ‘తెల్లని పర్వతం’ కలుపుకొంటే ఇది నవలాత్రయం. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి భాగానికి పరిమితమవుతుంది.

ఈ నవలను సాధారణంగా సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య సంఘర్షణగా, అంతరించిపోతున్న జీవన విధానానికి విలాపంగా పరిచయం చేస్తుంటారు. ఆ పఠనం నవలలోని కార్యకారణ సంబంధాలకు న్యాయం చేయదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నవలలో రెండు రకాల కదలికలున్నాయి. ఒకటి ఇల్లంతా కలిసి కదిలేది. రెండోది ఇంట్లోంచి ఒక్కొక్కరుగా వెళ్లిపోయేది. మొదటిది నివాసంలో భాగం, రెండోది నివాసాన్ని చీల్చేది. నవలలోని విషాదానికి మూలం ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలో ఉంది. సంప్రదాయం, ఆధునికత అనే జంట పదాల్లో దాన్ని వెతికితే దొరకదు.

ప్రాంతం, ప్రజలు

బయన్-ఓల్గీ అనే పేరుకు ‘సంపన్నమైన ఊయల’ అని అర్థం. 1940లో ఏర్పడిన ఈ రాష్ట్రానికి ఉత్తరాన రష్యా, పశ్చిమ దక్షిణాల్లో చైనా సరిహద్దులు. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి రోడ్డు మార్గాన 1600 కిలోమీటర్లకు పైగా దూరం. ఇక్కడి గడియారం రాజధాని గడియారానికి గంట వెనక నడుస్తుంది. జనాభాలో అధిక సంఖ్యాకులు కజాఖులు. మంగోలియాలో కజాఖులు అధిక సంఖ్యాకులుగా ఉన్న రాష్ట్రం ఇదొక్కటే. తువా ప్రజలు ఇక్కడ చిన్న సమూహం. దేశానికి పశ్చిమపు కొసన ఉన్న త్సెంగెల్ తాలూకా వారి ప్రధాన స్థానం. అంటే తువాలు రాష్ట్రంలో అల్పసంఖ్యాకులు. వారున్న రాష్ట్రం దేశంలో అల్పసంఖ్యాకుల రాష్ట్రం. ‘మారుమూల’ అనే మాటను వారికి రెండుసార్లు వర్తింపజేయవచ్చు.

తవాన్ బోగ్ద్ పర్వత శ్రేణి ఈ ప్రాంతంలోనే ఉంది. ఆ పేరుకు ‘ఐదు పవిత్ర శిఖరాలు’ అని భావం. వాటిలో ఎత్తైన హుయితెన్ శిఖరం 4374 మీటర్లు. మంగోలియాలో అదే అత్యున్నతం. హుయితెన్ అంటే చలి. ఆ శిఖరాల కింద సుమారు 14 కిలోమీటర్లు సాగే హిమానీనదాన్ని మాత్రం పొతానిన్ అంటారు. పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో వాయవ్య మంగోలియాలో పర్యటించిన రష్యన్ అన్వేషకుని పేరది. శిఖరానికి అక్కడి భాషలో పేరుంది, హిమానీనదానికి యాత్రికుని పేరు వచ్చింది. యాత్ర ఒక ప్రాంతంపై వేసే ముద్ర ఎలాంటిదో ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

అదే పర్వత పాదాల్లో మరో రకమైన నమోదు ఉంది. త్సగాన్ సలా, బగ ఒయిగోర్ లోయల్లోనూ, త్సగాన్ గోల్ ఎగువ భాగంలోనూ, అరల్ తొల్గోయ్ వద్దనూ రాళ్లపై వేల సంఖ్యలో చెక్కిన బొమ్మలున్నాయి. 2011లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేట జీవితం పశుపోషణగా, ఆపైన గుర్రాలపై ఆధారపడిన సంచార జీవితంగా మారిన క్రమం సుమారు 12000 సంవత్సరాల మేర ఈ బొమ్మల్లో కనిపిస్తుంది. సామాను మోస్తున్న పశువులు, వాటిని నడిపిస్తున్న మనుషులు వాటిలో ఉన్నారు. ఇవి చూడవచ్చినవారు చేసిన నమోదులు కావు. కదులుతూ బతికినవారు తమ కదలికను తామే రాతిపై గీసుకొన్నవి. చినాగ్ నవలను పొతానిన్ పేరు పక్కన కాకుండా ఈ బొమ్మల వరుసలో ఉంచి చదవడం సమంజసం.

ఇల్లు కదిలే పద్ధతి

మంగోలియా పశుపాలకుల ఏడాది నాలుగు విడుదుల మధ్య సాగుతుంది. వసంతపు విడిది హవర్జా, వేసవి విడిది జుస్లాన్, శరత్కాలపు విడిది నమర్జా, చలికాలపు విడిది ఒవొల్జో. ఈ నాలుగూ నిర్ణీత స్థలాలు. గొర్రెలు ఈనే కాలానికి గాలి తగలని చోటు, పాలు పితికే కాలానికి పచ్చిక, నీరు ఉన్న చోటు, చలికాలానికి కొండ చాటున్న చోటు ఎంచుకొంటారు. ఒక కుటుంబం తరతరాలుగా అవే స్థలాలకు తిరిగి వస్తుంది. కరవు వచ్చినప్పుడు, గడ్డి చాలనప్పుడు మందను మాత్రమే దూరపు మేతకు తోలుకుపోవడం వేరు. దానిని ఒతోర్ అంటారు. అందుచేత ‘సంచారులు’ అనే మాటను గమ్యం లేని తిరుగుడు అనే అర్థంలో వాడటం పొరపాటు. వారికి ఊరు లేకపోవడం కాదు. వారి ఊరు నాలుగు చోట్ల పరుచుకొని ఉంటుంది.

ఇంటి నిర్మాణం ఈ జీవితానికి తగినట్టుగా ఉంటుంది. గేర్‌కు కర్రలతో చేసిన జాలి గోడ, పైన గుండ్రటి చట్రం, వాటిని కప్పే ఉన్ని పొరలు ఉంటాయి. ఆ ఉన్ని నేసినది కాదు. తడిపి, అదిమి, దొర్లించి దట్టం చేసినది. ఇంటిల్లిపాది చేతులు పడితే కొద్ది గంటల్లో విప్పవచ్చు, నిలపవచ్చు. దీన్ని తెలుగులో గుడారం అంటే తాత్కాలికమనే స్ఫురణ, గుడిసె అంటే కదలనిదనే స్ఫురణ కలుగుతుంది. గేర్ ఈ రెండూ కాదు. అది శాశ్వతమైన ఇల్లు, కదిలే ఇల్లు. లోపల పొయ్యి స్థానం, పెద్దలు కూర్చునే స్థానం, ద్వారం దిక్కు ఏ విడిదిలోనైనా మారవు. బయట కొండ మారుతుంది, లోపలి అమరిక నిలిచి ఉంటుంది.

‘నీలాకాశం’ కథకుడైన బాలుడు జురుకువా ఈ అమరికలో నుంచే లోకాన్ని కొలుస్తాడు. అతనికి తల్లిదండ్రులు, అన్న, అక్క, అవ్వ, ఆర్సిలాంగ్ అనే కుక్క ఉన్నాయి. ఆర్సిలాంగ్ అంటే తువా భాషలో సింహం. బాలుని చూపు గేర్ ద్వారం నుంచి మొదలై మంద వరకు, అక్కడి నుంచి కొండ వాలు వరకు, ఆపైన ఆకాశం వరకు విస్తరిస్తుంది. పాఠకుడు ఎదురుచూసే పర్వత సౌందర్య వర్ణనలకు నవల ప్రధాన స్థానం ఇవ్వదు. కొండ అక్కడ ఉంది; దాన్ని చూడటానికి ఎవరూ రాలేదు కనుక విడిగా వర్ణించవలసిన అవసరం కథకునికి లేదు. గొర్రెలు ఎటు పోయాయి, గాలి ఎటు నుంచి వస్తోంది, పొయ్యిలోకి పిడకలు చాలతాయా అనేవే అతని పట్టింపులు. ప్రకృతి ఇక్కడ దృశ్యంగా కాక పనిగా అందుతుంది. నవల యాత్రా సాహిత్యం నుంచి వేరుపడే మొదటి స్థలం ఇదే.

ఈ లోకం సురక్షితమైనదని నవల ఎక్కడా చెప్పదు. మరుగుతున్న పాల కాగులో పడి బాలుడు తీవ్రంగా కాలిపోయిన ఘటన నవలలో తొలి గాయం. ఇంటి నడిమధ్య ఉన్న పొయ్యి, ఆ ఇంటిని పోషించే పాలే బిడ్డను కాలుస్తాయి. రచయిత దీన్ని నిందగానో, సంకేతంగానో విస్తరించడు. ఈ జీవితంలో ప్రమాదం బయట నుంచి మాత్రమే వస్తుందని అనుకోవద్దని పాఠకునికి ముందే తెలియజేసే ఘట్టమిది. నవల చివరి ఘట్టాన్ని అర్థం చేసుకోవడానికి దీన్ని గుర్తుంచుకోవాలి.

ఒక్కొక్కరుగా వెళ్లిపోవడం

కుటుంబమంతా విడిది మార్చినప్పుడు ఎవరూ ఎవరినీ విడిచిపోరు. పశువులు, కుక్క, పొయ్యి, దేవతలు, పసిబిడ్డ, ముసలి అవ్వ అందరూ కదులుతారు. దూరం ఎంతైనా ఎడబాటు ఉండదు. ఈ కదలికకు వీడ్కోలు లేదు. నవలలో తొలి వీడ్కోలు అన్న, అక్క బడికి వెళ్లినప్పుడు వస్తుంది. తాలూకా కేంద్రంలోని వసతి బడి పశుపాలకుల పిల్లలను తీసుకొంటుంది. పిల్లలు వెళ్తారు, ఇల్లు ఇక్కడే ఉంటుంది. వారు వెళ్లిన దూరం విడిది మార్పులో నడిచే దూరం కంటే ఎక్కువా తక్కువా అనేది బాలునికి ముఖ్యం కాదు. ఆ దూరానికి ఇంటితో సంబంధం లేకపోవడం ముఖ్యం.

ఇక్కడ విమర్శ సాధారణంగా భావోద్వేగం వద్ద ఆగిపోతుంది: తోబుట్టువుల ఎడబాటుతో బాలుడు ఒంటరివాడయ్యాడు అని. నవల అంతకంటే కఠినమైన విషయాన్ని చెబుతోంది. పశుపాలక కుటుంబంలో పిల్లలు చేసే పనికి విలువ ఉంది. మందను మేతకు తోలడం, పిల్లలను తల్లుల నుంచి వేరుచేయడం, కళ్లెం పట్టడం పిల్లల వంతు. ఇద్దరు వెళ్లిపోతే వారి పని మూడోవానిపై పడుతుంది. జురుకువా ఒంటరి కాపరి కావడం అతని స్వభావం వల్ల వచ్చింది కాదు. శ్రమ విభజన మారినందువల్ల వచ్చింది. అతనికి తోడుగా మిగిలింది కుక్క. కుక్కపై అతని ప్రేమ అంత గాఢమవడానికి కారణం ఇందులో ఉంది.

తరువాత అవ్వ మరణం వస్తుంది. ఈ అవ్వ బాలునికి రక్తసంబంధీకురాలు కాదు. బయట నుంచి వచ్చి ఈ గేర్‌లో స్థిరపడిన ముసలామె. ఆమె రాక కూడా ఒక ప్రయాణమే. ఆ ప్రయాణం ఇంటిని చీల్చలేదు, నింపింది. పిల్లలను తీసుకొనిపోయే దారి, అవ్వను తెచ్చిన దారి రెండూ నవలలో ఉండటం గమనార్హం. సంచారులకు దారి అంటే భయం లేదు; తీసుకొనిపోయి తిరిగి తేని దారి అంటేనే భయం. అవ్వ మరణంతో బాలుడు పోగొట్టుకొన్నది ఆప్యాయతతో పాటు కథలను, పేర్లను, మాటను అందించే మనిషిని. తోబుట్టువులు బడిలో వేరే భాష నేర్చుకొంటున్న కాలంలోనే ఇంట్లో తన భాషను నేర్పే మనిషి లేకుండా పోయింది.

ఈ రెండు నష్టాల తరువాత కఠినమైన చలికాలం మందను దెబ్బతీస్తుంది. మంగోలియాలో ఇలాంటి విపత్తును జుద్ అంటారు. మంచు లోతుగా పేరుకొని గడ్డి అందకపోతే తెల్ల జుద్. మంచు, నీరు లేక పశువులు దప్పికతో చస్తే నల్ల జుద్. నేలపై మంచు గట్టిపడి పశువుల గిట్టలకు పగలకపోతే ఇనుప జుద్. తెలుగు పాఠకునికి కరవు అంటే వాన లేకపోవడం. ఇక్కడ కరవుకు రంగులు, లోహం ఉన్నాయి. మేత కళ్లెదుటే, కాళ్ల కిందే ఉండి అందని స్థితికి మన భాషలో విడిగా పేరు లేదు.

విషం పెట్టిన చెయ్యి

తోడేళ్ల నుంచి మందను కాపాడుకోవడానికి తండ్రి విషం పెడతాడు. ఆ విషాన్ని ఆర్సిలాంగ్ తింటుంది, చనిపోతుంది. సంప్రదాయంపై ఆధునికత జరిపిన దాడిగా నవలను చదివే పఠనం ఈ ఘట్టం వద్ద నిలవదు. తోబుట్టువులను తీసుకొనిపోయింది రాజ్యం. అవ్వను తీసుకొనిపోయింది వయస్సు. కుక్కను చంపింది తండ్రి. తండ్రి దుర్మార్గుడు కాడు. మందను కాపాడటం కుటుంబ యజమానిగా అతని ధర్మం. మంద నిలిస్తేనే ఇల్లు నిలుస్తుంది. ఇంటిని కాపాడే పనే ఇంట్లోని ఒక ప్రాణిని బలి తీసుకొంది. కాగులోని పాలు బిడ్డను కాల్చినట్టే.

రచయిత ఈ నేరాన్ని బయటివారిపై మోపి ఉంటే నవల విలాపంగా మిగిలేది. అలా మోపకపోవడం వల్ల బాలుని ముందు జవాబు లేని ప్రశ్న నిలుస్తుంది. తండ్రిని ద్వేషించలేడు, తండ్రిని క్షమించలేడు. రాజ్యం గురించి అతనికి ఏమీ తెలియదు. ప్రశ్నించడానికి మిగిలింది ఆకాశం ఒక్కటే. తువాల నమ్మకంలో నీలాకాశం ప్రార్థించదగిన దైవం. ఎందుకిలా అని బాలుడు ఆకాశాన్ని అడుగుతాడు. గాలి తప్ప జవాబు లేదు.

ఈ ముగింపును విశ్వాస భంగంగా వ్యాఖ్యానించడం సులభం: నమ్మకం కూలిపోయింది, బాల్యం ముగిసింది అని. అయితే ఆగ్రహానికి ఎదుట ఒకరుండాలి. వినేవారు లేరని తేలినవాడు కేకవేయడు. జురుకువా ఆకాశంపై మండిపడటం అతను ఇంకా ఆకాశంతో మాట్లాడే సంబంధంలోనే ఉన్నాడనడానికి నిదర్శనం. మన భక్తి సాహిత్యంలో నిందాస్తుతి అనే సంప్రదాయం ఉంది. దైవాన్ని దూషించే భక్తుడు దైవాన్ని విడిచిపెట్టినవాడు కాదు. జురుకువా కేకలో స్తుతి లేదు, చమత్కారం లేదు, కాబట్టి దాన్ని నిందాస్తుతి అనలేం. సంబంధం తెగని నింద అన్నంతవరకే ఈ పోలిక. తరువాతి భాగంలో ఇదే బాలుడు వసతి బడిలో తన భాషకు, తనలోని షమన్ ప్రవృత్తికి నిషేధం ఉన్న వాతావరణంలో పడతాడు. మొదటి నవల ముగింపులో విశ్వాసం నిజంగా నశించి ఉంటే రెండో నవలలో నిషేధించడానికి ఏమీ మిగిలేది కాదు.

జర్మన్ భాషలో ఆల్తాయ్

నవల భాష గురించి వేరుగా చెప్పుకోవాలి. చినాగ్ మాతృభాష తువా. రష్యాలోని తువా ప్రాంతంలో ఆ భాషకు 1930లో లిపి ఏర్పడింది. సరిహద్దుకు ఇవతల మంగోలియాలో ఆయన బాల్యంలో బడి భాష అది కాదు. 1962 నుంచి 1968 వరకు ఆయన తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో జర్మన్ సాహిత్యం చదివారు. అదే కాలంలో జర్మన్ పరిశోధకురాలు ఎరికా తౌబె త్సెంగెల్ తువాల మౌఖిక కథలను సేకరించే పని మొదలుపెట్టారు. ఆ కథల జర్మన్ సంపుటం 1978లో వచ్చింది. చినాగ్ తొలి కథా సంపుటం జర్మన్‌లోనే 1981లో వెలువడింది. మాతృభాష జర్మన్ కాకపోయినా ఆ భాషలో రాసేవారికిచ్చే షమిస్సో పురస్కారం 1992లో ఆయనకు లభించింది. త్సెంగెల్ తువాల మాట అచ్చులోకి వచ్చిన తొలి దారుల్లో జర్మన్ ఒకటి. కనుక ఆయన ఆ భాషను ఎంచుకోవడాన్ని పరాయి పాఠకుని మెప్పు కోసం చేసిన పనిగా కొట్టివేయలేం.

అయినా ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది, దాన్ని దాటవేయకూడదు. తోబుట్టువులను గేర్ నుంచి తీసుకొనిపోయిన బడి దారే తరువాత జురుకువాను, అతని వెనకనున్న రచయితను తీసుకొనిపోయింది. ఆ దారే లైప్‌జిగ్ వరకు సాగింది. ఆ దారి లేకుంటే ఈ నవల లేదు. తన ఇంటిని చీల్చిన దారిలో నడిచే రచయిత తన ఇంటిని గురించి రాయగలిగాడు. వసతి బడులు సంచారుల పిల్లలకు అక్షరం ఇచ్చాయన్నది వాస్తవం. భాషను వెలగా తీసుకొన్నాయన్నదీ వాస్తవం. నవల మొదటి వాస్తవాన్ని నోటితో చెప్పదు, తన ఉనికితో ఒప్పుకొంటుంది. విలాపంగా మాత్రమే చదివితే ఈ ఒప్పుకోలు కనిపించదు.

రచయిత జీవితం తరువాత మరో మలుపు తీసుకొంది. 1960లలో తువాలలో చాలామంది ఆల్తాయ్ నుంచి మధ్య మంగోలియాకు చెదరిపోయారు. 1995లో చినాగ్ ఒక బిడారును నడిపించి, సుమారు 2000 కిలోమీటర్లు దాటించి, కొన్ని కుటుంబాలను తిరిగి ఆల్తాయ్‌కు చేర్చారు. ఆ అనుభవాన్ని మరో గ్రంథంగా రాశారు. ఒక్కొక్కరుగా వెళ్లిపోయే కదలికను మళ్లీ అందరూ కలిసి కదిలే కదలికగా మార్చే ప్రయత్నంగా ఈ బిడారును చూడవచ్చు. అయితే ఈ ఘటన వెలుగులో ‘నీలాకాశం’ను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. చినాగ్ తనను తాను తెగ నాయకునిగా, షమన్‌గా కూడా లోకానికి పరిచయం చేసుకొన్నారు. ఆ ప్రతిష్ఠను నవలపై కప్పితే పసివాని అయోమయం స్థానంలో పెద్దమనిషి ప్రవచనం వినిపిస్తుంది. నవల బలం దాని కథకునికి ఏమీ తెలియకపోవడంలో ఉంది.

మరొక పరిమితి కూడా చెప్పాలి. ఇది ఒక తువా కుటుంబం వైపు నుంచి కనిపించే ఆల్తాయ్. ఆ రాష్ట్రంలో అధిక సంఖ్యాకులైన కజాఖుల జీవితానికి ఈ నవల ఆధారం కాదు. గద్దలతో వేటాడే కజాఖుల ఉత్సవాల ద్వారా నేడు బయన్-ఓల్గీ ప్రపంచ యాత్రికులకు పరిచితం. ఆ పరిచయమూ ఈ నవలా రెండూ పాక్షికాలే. ఒకటి చూడవచ్చినవారి పాక్షికత, మరొకటి ఉన్నవారి పాక్షికత. విమర్శకుడు ఈ తేడాను గుర్తించి రెండోదానిని ప్రాంత సమగ్ర చిత్రంగా చూపకుండా జాగ్రత్తపడాలి.

తెలుగు పఠనానికి కొన్ని సూచనలు

మౌఖిక తువా అనుభవం జర్మన్‌లోకి, జర్మన్ నుంచి ఆంగ్లంలోకి వచ్చింది. తెలుగులోకి తెస్తే మరో అడుగు దూరం పెరుగుతుందని అనిపించవచ్చు. కొన్ని విషయాల్లో తెలుగు తువాకు దగ్గరగా వెళ్లగలదు. బంధువాచకాలు ఇందుకు మంచి ఉదాహరణ. తువా భాష వయస్సును బట్టి అన్నను, అక్కను, తమ్ముడు లేదా చెల్లెలిని వేరు మాటలతో పిలుస్తుంది. ఆంగ్లంలో ఈ తేడా చెప్పడానికి ప్రతిసారీ విశేషణం చేర్చాలి. తెలుగులో అక్కర లేదు. ‘అన్న, అక్క బడికి వెళ్లారు’ అన్న వాక్యంలోనే తాను మిగిలిపోయిన చిన్నవాడని తెలిసిపోతుంది.

అవ్వ విషయంలో మాత్రం తెలుగు అనువాదకుడు ఆంగ్లానువాదకునికి లేని చిక్కును ఎదుర్కొంటాడు. నానమ్మ అంటే తండ్రి తల్లి, అమ్మమ్మ అంటే తల్లి తల్లి. రక్తసంబంధం లేని ఈమెకు ఆ రెండూ చెల్లవు. ‘అవ్వ’ అనేది వంశాన్ని సూచించినా సూచించకపోయినా చెల్లే పిలుపు. వరస కలిపి పిలవడం మన సమాజంలో సహజం. అందుకే ఈ వ్యాసంలో ఆ మాటనే వాడటం జరిగింది. ఇది పదం ఎంపిక వరకే పరిమితమైన విషయం కాదు. రక్తం లేకుండా బంధువైన మనిషి పోయినప్పుడు కలిగే నష్టానికి పేరు పెట్టగలమా లేదా అన్న ప్రశ్న ఇందులో ఉంది.

పశుపాలన పదజాలం మరో ఆధారం. మంద, దొడ్డి, పొట్టేలు, మేకపోతు, సూడిగొర్రె, పెయ్య, కోడె, పడ్డ వంటి మాటలు పశువు వయస్సును, లింగాన్ని, స్థితిని ఒక్క పదంలో చెబుతాయి. మంగోలియా భాషల్లోనూ పశువులకు వయస్సును బట్టి వేరు పేర్లున్నాయి. గొల్ల, కురుమ కాపరుల వాడుకలో ఇలాంటి పదాలు నేటికీ సజీవంగా ఉన్నాయి. వారిలోనూ మందలతో ఊళ్లు దాటి మేతకు తరలివెళ్లే అలవాటు ఉంది. దక్కను పీఠభూమి వేరు, ఆల్తాయ్ వేరు. ఒకదాన్ని మరొకదానిలో చూడటం తగదు. అయితే ఈ నవలను తెలుగు చేసేవారికి నిఘంటువు కంటే కాపరుల మాట ఎక్కువ ఉపకరిస్తుంది. యాక్, జుద్, ఒతోర్ వంటి వాటికి బలవంతపు తెలుగు మాటలు కల్పించనవసరం లేదు. వాటిని అలాగే ఉంచి సందర్భంలో బోధపరిస్తే చాలు.

ముగింపు

‘నీలాకాశం’ నవలలో సంచారం నివాసానికి విరుద్ధం కాదు. నాలుగు విడుదుల మధ్య ఇల్లు కదలడం నివాసం జరిగే తీరు. దాన్ని చీల్చేది ఒక్కొక్కరుగా వెళ్లిపోవడం. బడి, మరణం, విషం అనే మూడు దారుల్లో ఆ చీలిక వస్తుంది. వాటిలో ఒకటి రాజ్యం వల్ల, ఒకటి కాలం వల్ల, ఒకటి ఇంటి ధర్మం వల్ల కలిగాయి. వీటన్నిటినీ ఆధునికత అనే ఒకే పద్దులో చేర్చితే తండ్రి చెయ్యి కనిపించకుండా పోతుంది, బాలుని ప్రశ్నకున్న బరువు తగ్గుతుంది.

మారుమూల అనేది స్థల స్వభావం కాదు, కొలత పద్ధతి. ఉలాన్‌బాతర్ నుంచి కొలిస్తే త్సెంగెల్ దేశపు కొస. గేర్ పొయ్యి నుంచి కొలిస్తే వసతి బడే మారుమూల. సంచార సమూహాల సాహిత్యాన్ని, అక్కడికి వెళ్లి వచ్చినవారి రచనలను పరిశీలించే తెలుగు పరిశోధకులు ప్రతి రచనకూ ముందుగా ఈ ప్రశ్న వేసుకోవడం ఉపయోగకరం: ఇందులో దూరాన్ని ఎక్కడి నుంచి కొలిచారు? చినాగ్ నవల ఆ కొలబద్దను పొయ్యి దగ్గర పాతింది. దాని సాహిత్య ప్రయోజనం ప్రధానంగా అందులోనే ఉంది.